కట్ట విప్పి లెక్క చెప్పడం: ఒకటి, రెండు తరగతుల్లో రోజూ చేయించే పనులు

ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు, రెండు గదులు. వరంగల్, ములుగు, మహబూబాబాద్ వైపు చాలా సర్కారు బడుల పరిస్థితి ఇదే. ఇలాంటిచోట రోజుకో కొత్త కృత్యం తయారు చేసుకోవడం అయ్యే పని కాదు, అవసరం కూడా లేదు. మూడు నాలుగు పనులు పట్టుకుని వాటినే నెలల తరబడి చేయిస్తే చాలు. పని పాతదే అయినా అంకెలు, మాటలు మారుతుంటాయి కాబట్టి పిల్లలకు విసుగు రాదు. ఎట్ల ఆడాలో ముందే తెలుసు కాబట్టి సూచనలు చెప్పడంలోనే పావుగంట పోదు.

పొద్దున హాజరుతో మొదలుపెట్టండి. పాత లగ్గం పత్రికల వెనకవైపు తెల్లగా ఉంటుంది. దాన్ని జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పున కత్తిరించి ఒక్కో అట్ట మీద ఒక్కో పిల్లవాడి పేరు లావుగా రాయాలి. రాగానే ఎవరి అట్ట వాళ్లు వెతికి డబ్బాలో వేస్తారు. మిగిలిన అట్టలు రానివాళ్లవి, వాటిని రోజుకో పిల్ల చదువుతుంది. అట్టలన్నీ ఒకే రంగు, ఒకే సైజు ఉండాలి. మూల చినిగిన అట్టను పిల్లలు చినుగు చూసి గుర్తుపడతారు, పేరు చదవరు. తర్వాత బోర్డు మీద లెక్క: మొత్తం 23, రానివాళ్లు 4, ఉన్నవాళ్లు ఎందరు? మధ్యాహ్న భోజనానికి వంటమనిషికి చెప్పాల్సింది ఈ అంకెనే. దాన్ని పిల్లలే లెక్కగట్టి, పోయి చెప్పి రానివ్వండి.

చదవడానికి రోజుకు పది మాటలు చాలు. అవి పిల్లల నోట్లోంచే రావాలి. మక్కలు, కంకి, సద్ది, అంగి, గంప అంటే అలాగే రాయండి. ‘మొక్కజొన్న అనాలి’ అని దిద్దితే మరునాడు ఆ పిల్ల నోరు విప్పదు, పుస్తకంలో మాట పుస్తకం దగ్గర వస్తుంది. తండా పిల్లలు యాడి, బాటి అంటే వాటినీ తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన అమ్మ, రొట్టె అని పెట్టాలి.

మాట చెప్పాక అక్షరానికో చప్పట్లు: గం, ప, రెండు. ఆ తర్వాత మీరు రాస్తుంటే వాళ్లు చూస్తారు, తెలిసిన అక్షరానికి సున్నా చుడతారు, పలక మీద రాస్తారు. చివర ఐదు నిమిషాలు గొలుసాట. ఒక్క అక్షరం మార్చి కొత్త మాట చేయాలి: కల, వల, వడ, గడ, గద. అక్షరం అక్షరంగా చదివితే తప్ప ఈ ఆట సాగదు, అందుకే ఇది పనికొస్తుంది. క, కా, కి, కీ అని అందరూ కలిసి పాడటాన్ని మాత్రం చదవడం కింద లెక్కేయకండి. ఇద్దరి గొంతు ముందు పోతుంది, మిగతావాళ్లు వెనకాల అందుకుంటారు. వరసగా అప్పజెప్పే పిల్లను ‘కీ’ ఒక్కటే చూపించి అడిగితే తడుముకుంటుంది. నాలుగు అక్షరాలు, నాలుగు గుణింతపు గుర్తులు తీసుకుని వరస తప్పించి చూపిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. మ, య ఒకేరోజు నేర్పొద్దు. ప, వ కూడా అంతే. ఒకటి గట్టిపడ్డాక రెండోది.

ఇక లెక్కలు. ఎక్కువ టైం పెట్టాల్సింది ఇక్కడే. రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో 42 నుంచి 17 తీసేయమంటే చాలామంది 35 అని రాస్తారు. అది పరధ్యానం వల్ల వచ్చిన తప్పు కాదు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీస్తున్నారు, పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని మనమే చెప్పాం మరి. ‘పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అనే మాట దీన్ని బాగుచేయదు. ఆ అప్పు ఎవరూ తీర్చరు కూడా. అక్కడ జరిగేది ఒక పదిని విడగొట్టడం. అది చేత్తో చేస్తేనే తెలుస్తుంది.

నలుగురికో గుంపు. గుంపుకు 60 చీపురు పుల్లలు, ఆరు రబ్బరు బ్యాండ్లు. 20 మంది ఉంటే 300 పుల్లలు కావాలి, ఒక పెద్ద కొబ్బరి చీపురు సరిపోతుంది. నాలుగు అంగుళాల ముక్కలు చేసి, సన్నటి కొసలు పారేసి, చివరలు గచ్చు మీద రుద్దండి, గుచ్చుకోవు. ఎండాకాలంలో రబ్బర్లు జిగురుపట్టి తెగుతాయి, అప్పుడు దారం వాడుకోవచ్చు. నేల మీద సుద్దతో రెండు గళ్లు గీయండి: ఎడమవైపు పదులు, కుడివైపు ఒకట్లు.

1. గుప్పెడు పుల్లలు పోసి ఎన్ని ఉంటాయో ముందు అందాజగా చెప్పించాలి, తర్వాత లెక్కపెట్టాలి.
2. పది కాగానే కట్ట కట్టాలి. పక్కవాడు మళ్లీ లెక్కబెట్టి చూడాలి. తొమ్మిదితోనో పదకొండుతోనో కట్టిన కట్ట ఒక్కటున్నా గంటసేపు అన్ని లెక్కలూ తప్పుతాయి.
3. 42 పెట్టమంటే నాలుగు కట్టలు ఎడమన, రెండు పుల్లలు కుడిన.
4. ఇప్పుడు 17 తీసేయాలి, ముందు ఏడు విడిపుల్లలు తీయమనాలి. ఉన్నవి రెండే. ఇక్కడ చెయ్యి ఆగుతుంది. మీరు నోరు విప్పకండి, కాసేపు ఆలోచించుకోనివ్వండి.
5. ఒక కట్ట విప్పితే 12 విడివి. ఏడు పోగా ఐదు. మిగిలిన మూడు కట్టల్లో ఒకటి తీస్తే రెండు. జవాబు 25.

కొందరు నాలుగు కట్టలూ విప్పేసి ఒకటొకటిగా లెక్కబెడతారు. జవాబు సరిగ్గానే వస్తుంది, నేర్చుకున్నది మాత్రం ఏమీ ఉండదు. అందుకే ఒక్క కట్టే విప్పాలని నియమం పెట్టండి. చేత్తో చేసిన ప్రతి పనినీ వెంటనే పలక మీద అంకెల్లో రాయించాలి. పుల్లలు ఒక రోజు, అంకెలు ఇంకో రోజు అయితే రెండింటికీ చుట్టరికం కలవదు. రెండు మూడు వారాలయ్యాక పుల్లలు పక్కన పెట్టి కట్టకు గీత, పుల్లకు చుక్క గీయించండి. ఆ తర్వాత ఉత్త అంకెలు.

2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చాక థర్టీన్, థర్టీ తడబాటు ఎక్కువైంది. దానికీ ఇవే పుల్లలు. ఒక కట్ట మూడు పుల్లలు ఒక చేత, మూడు కట్టలు ఇంకో చేత పట్టించి, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పించండి.

డబ్బులతో పదులు నేర్పాలని తొందరపడొద్దు. పది రూపాయల బిళ్లలో పది ఒకట్లు కంటికి కనబడవు, అది నమ్మాల్సిన సంగతి. కట్టలు వచ్చాకే అంగడి ఆట. మూడు, నాలుగు, ఐదు తరగతులవాళ్లు దుకాణదారులు, చిన్నవాళ్లు గిరాకీలు. ఒకే దుకాణం పెడితే ముగ్గురు ఆడతారు, మిగతావాళ్లు చూస్తారు. కనీసం ఐదు పెట్టండి. చిల్లర తీసివేతతో కాదు, పైకి లెక్కబెట్టి ఇప్పించండి: సరుకు 37, ఇచ్చింది 50. మూడు వేస్తే 40, పది వేస్తే 50, కాబట్టి 13.

వరండాలో అష్టాచెమ్మా గళ్లు 25 శాశ్వతంగా గీసి ఉంచితే ఖాళీ టైంలో కూడిక దానంతటదే నడుస్తుంది. గవ్వలు లేకపోతే చింతగింజలు నాలుగు ఒకవైపు అరగదీస్తే సరి.

శనివారం ఒక్కో పిల్లను పిలిచి మూడే అడగండి: వరస తప్పించిన నాలుగు గుణింతాలు, చూడని రెండు మాటలు, కట్ట విప్పే తీసివేత ఒకటి. మనిషికి రెండు నిమిషాలు. మార్కులు అక్కర్లేదు, ఎక్కడ ఆగారో నోటుబుక్కులో రాసుకోండి. సోమవారం గుంపులు చేసేటప్పుడు తరగతి చూడకుండా, ఒకేచోట ఆగినవాళ్లను ఒకచోట కూర్చోబెట్టాలి.