టీవీలో సినిమా ఆగి ఆగి వస్తోందా? కొత్త మెషీన్ కొనేముందు ఇవి చూడండి

సమస్య: పాత లినక్స్ డెస్క్‌టాప్‌లో జెల్లీఫిన్ (మన దగ్గరున్న సినిమాలను టీవీకి పంపే ఉచిత సర్వర్ ప్రోగ్రామ్) పెట్టారు. టీవీలో సినిమా మొదలైన రెండు నిమిషాలకే చక్రం తిరుగుతుంది, ఫ్యాను హోరు పక్క గదికి వినిపిస్తుంది.

సినిమా నడుస్తుండగానే జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డు తెరవండి. 'డైరెక్ట్ ప్లే' అని ఉంటే సర్వర్ ఫైలును ఉన్నదున్నట్టు పంపుతోందన్నమాట. ఆ పనికి పదేళ్ల నాటి కంప్యూటరైనా చాలు, కాబట్టి ముందు అనుమానించాల్సింది నెట్‌వర్క్‌ని. వైఫై తీసి కేబుల్ పెట్టి చూడండి. చాలా టీవీల లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్ దాటదు, భారీ 4కె ఫైళ్లకు అదీ చాలదు.

'ట్రాన్స్‌కోడ్' అని ఉంటే సర్వర్ వీడియోను అప్పటికప్పుడు వేరే రూపంలోకి మార్చి పంపుతోందన్నమాట. ఎందుకో కూడా అక్కడే కనిపిస్తుంది. మా ఇంట్లో అసలు దొంగ సబ్‌టైటిల్స్! బ్లూరే ఫైళ్లలో వచ్చే పీజీఎస్ సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. వాటిని మా టీవీ చూపలేదు. అందుకని సర్వర్ ప్రతి ఫ్రేము మీదా వాటిని అచ్చుగుద్ది వీడియో మొత్తం మళ్లీ తయారుచేస్తోంది. అదే సినిమాకి ఎస్ఆర్‌టీ ఫైలు (అక్షరాలుగా ఉండే సబ్‌టైటిల్స్) పెట్టాను, ఫ్యాను చల్లబడింది. పైసా ఖర్చు లేదు.

టీవీకి హెచ్ఈవీసీ అనే వీడియో ఫార్మాట్ రాకపోయినా, ఊళ్లో అమ్మావాళ్లు అంతంతమాత్రం నెట్‌తో చూస్తున్నా ట్రాన్స్‌కోడ్ తప్పదు. అప్పుడు కొనండి. కానీ కోర్లు, ర్యామ్ లెక్కపెట్టి మోసపోకండి, చూడాల్సింది చిప్‌లోని వీడియో భాగం. ఇంటెల్‌లో దాని పేరు క్విక్ సింక్. 10 బిట్ హెచ్ఈవీసీ 7వ తరం నుంచే పూర్తిగా వస్తుంది. ఆఫీసులు వదిలేసిన 8వ తరం ఐ5 మినీ పీసీ సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే వదలొద్దు. కొత్తదే కావాలంటే ఇంటెల్ ఎన్100 ఉన్నది: చిప్ 6 వాట్లదే, ఏవీ1 అనే కొత్త వీడియో ఫార్మాట్ కూడా చదువుతుంది. పేరు చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్సే ఉండదు. రాస్ప్‌బెర్రీ పై 5 నాకెంతో ఇష్టం, కానీ అందులో హార్డ్‌వేర్ వీడియో ఎన్‌కోడర్ లేదు, ఈ పనికి వద్దు.

కొన్నాక కూడా ప్రాసెసర్ 100 శాతం కొడుతుంటే జెల్లీఫిన్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (ఆ వీడియో భాగంతో పని చేయించడం) ఆన్ చేయలేదేమో చూడండి. ఆన్ చేసినా మారకపోతే లినక్స్‌లో జెల్లీఫిన్ యూజర్‌ను 'రెండర్' గ్రూపులో చేర్చండి, గ్రాఫిక్స్ వాడుకునే అనుమతి దానికి అలాగే వస్తుంది. జెల్లీఫిన్‌ను డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ను విడిగా నడిపే డబ్బాలాంటిది) నడిపేవాళ్లు గ్రాఫిక్స్‌కి దారైన డీఆర్ఐ డివైజ్‌ను (/dev/dri) అందులోకి ఇవ్వాలి. ఇవి చేశాక సర్వీసు రీస్టార్ట్ చేయండి.

కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేవట్లేదా? బయోస్‌లో పవర్ తిరిగొస్తే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టేయండి.