కడుపుతో ఉండగా థైరాయిడ్ క్యాన్సర్ అని తేలితే ఏం చేయాలి

కావలిలో మా చెల్లికి అయిదో నెలలో మెడ మీద గోలీకాయంత గడ్డ కనబడితే ఇంట్లో అందరూ "కడుపుతో ఉంటే ఇలాంటివి మామూలేలే, కాన్పయితే తగ్గిపోద్ది" అన్నారు. మీరు అలా వదిలేయకండి. మెడకి అల్ట్రాసౌండ్, అనుమానం ఉంటే సన్నసూది పరీక్ష, ఈ రెండూ ఏ నెలలోనైనా చేయించుకోవచ్చు, బిడ్డకేం కాదు. పక్కనున్న లింఫ్ గ్రంథులు కూడా చూడమని మీరే అడగండి, పాకితే ముందు తెలిసేది ఎక్కువగా అక్కడే. ఊపిరితిత్తుల మీద అనుమానముంటే ఛాతీ ఎక్స్‌రేకి భయపడొద్దు, కడుపు దాకా వెళ్లే రేడియేషన్ చాలా తక్కువ.

రేడియో అయోడిన్ (రేడియేషన్ వెలువరించే అయోడిన్) మాత్రం స్కాన్‌గానైనా మందుగానైనా వద్దే వద్దు. అది మాయ దాటి వెళ్తుంది, మూడో నెల నిండేసరికి బిడ్డ థైరాయిడ్ కూడా అయోడిన్ లాక్కోవడం మొదలుపెడుతుంది కాబట్టి ఆ గ్రంథి దెబ్బతింటుంది.

ఇక వైద్యం. థైరాయిడ్ క్యాన్సర్‌లో పాపిల్లరీ అనే రకం లింఫ్ గ్రంథులకి పాకినా చాలామందిలో నెమ్మదిగానే నడుస్తుంది, అందుకే డాక్టర్ "కాన్పు దాకా ఆగుదాం" అంటే నిర్లక్ష్యం అనుకోకండి. గడ్డ గబగబా పెరుగుతున్నా, ఊపిరికి అడ్డం పడుతున్నా ఆపరేషన్‌కి నాలుగు నుంచి ఆరో నెల మధ్య అనువైన సమయం. రిపోర్టులో మెడుల్లరీ అనో అనాప్లాస్టిక్ అనో (ఇవి ఇంకా మొండి రకాలు) ఉంటే ఈ లెక్క పనికిరాదు, వెంటనే పెద్ద డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.

థైరాయిడ్ బిళ్ళ రాస్తే ఒక జాగ్రత్త. మా చెల్లి పొద్దున్నే ఆ బిళ్ళా, ఐరన్ బిళ్ళా అరచేతిలో పెట్టుకుని ఒకే గుక్క టీతో మింగేది, నెల తర్వాత టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే రక్తంలో పెరిగేది) చూస్తే ఏం దిగలా! పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, ఐరన్, కాల్షియం నాలుగు గంటల తర్వాతే. డోసు సరిపోయిందో లేదో నాలుగు వారాలకోసారి పరీక్ష చేస్తారు.

కాన్పయ్యాక రేడియో అయోడిన్ కావాలంటే న్యూక్లియర్ మెడిసిన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి, నెల్లూరు వైపు వాళ్లకి తిరుపతి స్విమ్స్ దగ్గర. దానికి కనీసం ఆరు వారాల ముందే పాలు మాన్పించాలి, ఆ బిడ్డకి మళ్లీ ఇవ్వకూడదు. మందు తాగాక కొన్నాళ్లు చంటిదాన్ని ఎత్తుకోనివ్వరు, మా అమ్మ అందుకోసమే సంచి సర్దుకుని వచ్చి కూర్చుంది. ఇంకో బిడ్డ కావాలనుకుంటే ఆరు నెలల నుంచి ఏడాది ఆగమంటారు.