ఇంట్లో ఎవరూ లేనప్పుడు చిలుకను పంజరం బయట వదిలి వెళ్లాలంటే

చిలుకను పంజరంలో పెట్టి తాళం వేసుకుని వెళ్లడానికి మనసొప్పక, ఇంట్లో వదిలేసి వెళ్తే ఏమవుతుందోనని భయపడేవారికి నేను చెప్పేది ఒకటే. ఇల్లంతా వదలకండి, ఒక్క గదిని దానికోసం సిద్ధం చేసి అందులో వదలండి. ఆ గది సిద్ధమయ్యేదాకా, మీరు గడప దాటే ప్రతిసారీ పంజరమే క్షేమం.

ముందుగా ఒక మాట. ఒడిశాలోని మన పర్లాకిమిడి చుట్టుపక్కల జామతోటల్లో వాలే పచ్చ రామచిలుకను పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అందుచేత ఇక్కడ నేను చెప్పేదంతా కాకటీల్, బడ్జీ వంటి విదేశీ చిలుక జాతుల గురించే. మా ఇంట్లో ఉన్నది కాకటీల్. మా పనావిడ ఒడియాలో దాన్ని 'శువా' (చిలుక) అని పిలిస్తే, అది రామచిలుకలా తల వంచి వింటుంది.

గదిలో మొదట చూడవలసింది సీలింగు ఫ్యాను. తిరుగుతున్న ఫ్యాను ప్రమాదమని అందరికీ తెలుసు, ఆగి ఉన్న ఫ్యాను అంతకన్నా ప్రమాదమని చాలామందికి తట్టదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం కాలబైశాఖి (వేసవి ఉరుముల వాన) గాలి లేవగానే కరెంటు పోతుంది, మనం స్విచ్చి ఆపడం మరచి అలాగే బయటికి వెళ్లిపోతాం. ఎత్తు మీద కూర్చోవడం ఇష్టపడే పిట్ట, కదలకుండా ఉన్న రెక్క మీదికి చేరి ఈకలు సర్దుకుంటూ ఉండగా కరెంటు తిరిగి వస్తుంది. కాబట్టి గోడ మీది స్విచ్చిని ఆపేసి, దాని మీద బ్లాక్ టేపు అంటించండి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో కూడా ఈ జాగ్రత్త మానకూడదు. ఉక్కపోతకు భయపడి ఫ్యాను వేసి ఉంచుదామనుకునేవారు, ఆ రోజుకు చిలుకను పంజరంలోనే ఉంచి ఫ్యాను వేయడం మేలు.

రెండవది పైకప్పు. స్లాబు ఇళ్లలో చిక్కు లేదు గాని, పాత పెంకుటిళ్లలో గోడకు, చూరుకు మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంటుంది. అటువంటి గది దీనికి పనికిరాదు. కిటికీకి నైలాను దోమల వల ఉంటే చిలుక దాన్ని ఒక మధ్యాహ్నంలో కొరికి కన్నం చేయగలదు కనుక, ఇనుప జాలీ తప్పనిసరి. అద్దం తలుపులు ఉంటే పరదా వేసి ఉంచాలి, లేకపోతే ఎదురుగా ఆకాశమే ఉందనుకుని వచ్చి కొట్టుకుంటుంది.

వంటగదిని, స్నానాల గదిని దానికి అందకుండా మూసివేయాలి. నీళ్ల డ్రమ్ము, బకెట్టు మూత లేకుండా ఉంటే అందులో పడిన పిట్ట ఈకలు తడిసి లేవలేదు. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే వాయువు మనకు వాసన కూడా తెలియకముందే చిలుకను చంపగలదు, ఎందుకంటే పక్షి ఊపిరితిత్తులు గాలిని మనకన్నా చాలా వేగంగా పీల్చుకుంటాయి. అగరుబత్తి, దోమల చుట్ట, బీరువాలోని కలరా ఉండల వాసన కూడా ఆ గదిలో ఉండకూడదు. ఎలుకల కోసం పెట్టిన జిగురు అట్ట ఉంటే ముందే తీసివేయండి. కరెంటు వైర్లను ప్లాస్టిక్ గొట్టంలో దూర్చాలి, ఫోను ఛార్జరును గోడకు వదిలి వెళ్లకూడదు.

నాకు ఎదురైనది బీరువా వెనక సందు. మొదటిసారి అరగంట వదిలి వెళ్లి వచ్చేసరికి గదిలో చిలుక కనబడలేదు. ఈల వేస్తే, బీరువాకు గోడకు మధ్య అరచేతి వెడల్పు చీకట్లోంచి సన్నగా బదులు వచ్చింది. రెక్కలు విప్పే చోటు లేక, ఎటూ కదలలేక నిలబడి ఉంది. ఆ రోజే ఆ సందును అట్టపెట్టెతో మూసివేశాను.

తిండి, నీళ్లు పంజరంలోనే పెట్టి, పంజరం తలుపు తెరిచి, గాలికి మూసుకోకుండా తీగతో కట్టివేయండి. కొర్రలు, చోళ్లు (రాగులు) కాగితంలో చుట్టి అక్కడక్కడ పెడితే, వాటిని విప్పుతూ గంట సేపు కాలక్షేపం చేస్తుంది. ఎండాకాలంలో కోసిన జామముక్కలు రెండు మూడు గంటల్లో చెడిపోతాయి గనుక వాటిని మీరు ఉన్నప్పుడు పెట్టండి. పచ్చిమిరప పెట్టవచ్చు, దాని కారం పక్షికి తెలియదు. ఉల్లి, చాక్లెట్, అవకాడో, ఉప్పు మిక్స్చరు మాత్రం గదిలో ఉండకూడదు.

వదలడం ఒక్కసారిగా కాదు. మీరు పక్క గదిలో ఉండగా పది నిమిషాలు, వీధి చివరిదాకా వెళ్లి వచ్చేలోగా అరగంట, అలా పెంచుకుంటూ పోండి. పాత ఫోనును ఒక మూల పెట్టి రికార్డు చేస్తే, మీరు లేనప్పుడు అది ఎక్కడ వాలుతుందో, ఏం కొరుకుతుందో తెలుస్తుంది. పాతపట్నం పెళ్లికి వెళ్లి రాత్రికి వచ్చేటట్లయితే వదలవద్దు. కాకటీళ్లు చీకట్లో చిన్న చప్పుడుకే బెదిరి గోడలకు కొట్టుకుంటాయి, పైగా వాటికి పది పన్నెండు గంటల నిద్ర కావాలి.

గది తలుపు మీద తెలుగులోను, ఒడియాలోను 'చిలుక వదిలి ఉంది, మెల్లగా తీయండి' అని రాసి అంటించండి. తలుపు పైఅంచున కూర్చోవడం చిలుకలకు ఇష్టం, అప్పుడు ఎవరైనా విసురుగా మూస్తే కాలివేళ్లు నలుగుతాయి. మీరు తిరిగి వచ్చాక కూడా తలుపును కొద్దిగానే తీసి, ముందు పైఅంచు చూసి, తరువాత దాన్ని పేరుపెట్టి పిలవండి. అది మీ వేలిమీదికో పంజరంలోకో చేరిన తరువాతే ఫ్యాను స్విచ్చి మీది టేపు తీయండి.