డీజిల్ పంపు విప్పే ముందు వైరు చూడండి: ఎలక్ట్రికల్ లోపాలు, పరిష్కారాలు

సెల్ఫ్ బాగా తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. పొగ గొట్టంలో పొగ జాడ కూడా లేదు. ఇలాంటప్పుడు చాలామంది చేయి నేరుగా స్పానర్ మీదకు వెళుతుంది. ఇంజెక్టర్లకు డీజిల్ అందించే పంపును విప్పి పరీక్షకు పంపుతారు. అది బాగానే ఉందని తేలి తిరిగి వచ్చేసరికి రెండు రోజులు గడుస్తాయి, బిగించేటప్పుడు టైమింగ్ మళ్లీ కుదుర్చుకోవాలి. అసలు లోపం పంపుకు జానెడు దూరంలో, ఓ కనెక్టర్‌లో అలాగే కూర్చుని ఉంటుంది. పంపును అనుమానించే ముందు దానికి అందే కరెంటును అనుమానించాలన్నది నా గట్టి అభిప్రాయం.

ట్యాంకులో డీజిల్, ఫిల్టర్, ఎయిర్ లాక్ సంగతి ముందే తేల్చుకున్నారని అనుకుంటున్నాను. బ్యాటరీని కూడా చూడండి. 12 వోల్టుల బ్యాటరీ సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి దిగితే, మిగిలిన కొలతలేవీ నమ్మదగినవి కావు. ఇక కావలసినవి ఒక మల్టీమీటర్, రెండు వైర్లు అతికించిన 21 వాట్ల బల్బు. ఎలక్ట్రానిక్ ఇంజిన్ అయితే వీటితోపాటు స్కానర్ (ఇంజిన్ కంప్యూటర్ నుంచి లోపాల కోడ్‌లు చదివే పరికరం) ఉండాలి.

సమస్య: సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజెక్టర్లకు డీజిల్ అందదు (పాత రోటరీ పంపు)

ఈ పంపుల మీద ఒకే వైరు వచ్చే స్టాప్ సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే డీజిల్ వాల్వ్) ఉంటుంది. కరెంటు అందినంతసేపు అది లోపలి ప్లంజర్‌ను పైకి లాగి పట్టుకుంటుంది. కరెంటు పోగానే స్ప్రింగ్ ప్లంజర్‌ను కిందికి నెట్టి డీజిల్ దారి మూసేస్తుంది. కొన్ని ఇంజిన్లలో ఇందుకు విరుద్ధంగా, కరెంటు ఇస్తే ఆగే రకం కూడా ఉంటుంది. మీది ఏ రకమో మాన్యువల్‌లో చూసి మొదలుపెట్టండి.

తాళం తిప్పి, పంపు మీద చేయి ఉంచండి. 'టక్' మని చిన్న దెబ్బ చేతికి తెలియాలి. తెలియకపోతే సోలినాయిడ్ వైరు ఊడదీసి కొలవాలి. ఎక్కువ మంది దారి తప్పేది ఇక్కడే. మీటర్ 12 వోల్టులు చూపగానే కరెంటు వస్తోందని, సోలినాయిడ్ పోయిందని నిర్ణయించేస్తారు. మీటర్ తన కోసం దాదాపు ఏమీ కరెంటు తీసుకోదు. వైరులో ఒక్క రాగి పోగు మిగిలినా అది 12 వోల్టులు చూపిస్తుంది. అదే వైరుకు, ఇంజిన్ లోహానికి (ఎర్త్) మధ్య బల్బు తగిలించండి. 21 వాట్ల బల్బుకు దాదాపు 1.75 ఆంపియర్లు కావాలి. వైరు బాగుంటే బల్బు నిండుగా వెలుగుతుంది, లేకపోతే మినుకుమంటుంది.

ఒక జనరేటరు విషయంలో నేనిది కళ్లారా చూశాను. ఉదయం స్టార్ట్ అయ్యేది, అరగంటకు ఆగిపోయేది. నా దగ్గరకు రాకముందే పంపును ఒకసారి ఓవర్‌హాల్ చేయించారు. సోలినాయిడ్ వైరు దగ్గర మీటర్ 12.4 వోల్టులు చూపింది. బల్బు పెడితే ఎర్రటి తీగ మాత్రమే కనిపించింది. వైరు పొడవునా వేళ్లతో తడుముతూ వెళ్తే బ్రాకెట్ దగ్గర ఒకచోట మెత్తగా తగిలింది. పైతొడుగు చీల్చి చూస్తే లోపల రాగి ఆకుపచ్చ పొడిగా మారింది, రెండే రెండు పోగులు మెరుస్తున్నాయి. చల్లగా ఉన్నప్పుడు ఆ రెండు పోగులే సోలినాయిడ్‌ను నెట్టుకొచ్చేవి. రాగి కాయిల్ 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కితే దాని నిరోధం సుమారు 30 శాతం పెరుగుతుంది, దాంతో కరెంటు తగ్గి లాగే బలం తగ్గుతుంది. అప్పుడు స్ప్రింగ్ గెలిచేది, ఇంజిన్ ఆగేది. ఆ జానెడు వైరు మార్చాక జనరేటరు ఆగలేదు.

బల్బు నిండుగా వెలిగినా సోలినాయిడ్ కదలకపోతే, బ్యాటరీ నుంచి ఫ్యూజు ఉన్న వైరుతో దానికి నేరుగా కరెంటు ఇవ్వండి. అప్పుడూ 'టక్' మనకపోతే పంపు ఎర్త్ చూడండి, అది బాగుంటే సోలినాయిడ్ మార్చాల్సిందే. కదిలితే వైరు చివరి కనెక్టర్ పట్టు చూడండి. బల్బే సరిగా వెలగకపోయి, నేరు కరెంటుతో ఇంజిన్ అందుకుంటే పంపుది తప్పు కాదు. ఫ్యూజు, రిలే, తాళం స్విచ్చి, వైరు వరుసగా పరీక్షించండి. పరీక్ష ముగిశాక ఆ నేరు వైరును తప్పక తీసేయండి. ఆయిల్ ప్రెషర్ తగ్గినప్పుడు ఇంజిన్‌ను ఆపే రక్షణ అది ఉన్నంతసేపు పనిచేయకపోవచ్చు.

సమస్య: తాళం తీసినా ఇంజిన్ ఆగదు

నడుస్తుండగానే సోలినాయిడ్ వైరు లాగేయండి. ఆగిపోతే, తాళం తీశాక కూడా ఎక్కడి నుంచో కరెంటు వస్తోందన్నమాట. అతుక్కుపోయిన రిలేను, ఆల్టర్నేటర్ వైపు నుంచి వెనక్కి వచ్చే సరఫరాను చూడండి. వైరు లాగినా ఆగకపోతే ప్లంజర్ కింద చెత్త చేరింది, విప్పి శుభ్రం చేయాలి.

సమస్య: వేడెక్కితే ఆగుతుంది, చల్లారితే నడుస్తుంది

బాష్ వీపీ44 వంటి రోటరీ పంపుల్లో కంట్రోల్ యూనిట్ (పంపును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) పంపు మీదే ఉంటుంది. పంపు గుండా పారే డీజిలే దాన్ని చల్లబరుస్తుంది. అందువల్ల యూనిట్ పోయిందని తేలినా కథ అక్కడితో ముగియదు. ట్యాంకు నుంచి డీజిల్ తెచ్చే ఫీడ్ పంపు ప్రెషర్ కొలవకుండా కొత్త యూనిట్ పెడితే అదీ అదే దారిన పోతుంది. ఏ భాగం వేడికి తేడా చేస్తోందో పట్టుకోవడానికి హెయిర్ డ్రయర్‌తో ఒక్కో భాగాన్నే వేడి చేయండి. నిప్పు దగ్గరకు తేకండి.

సమస్య: కామన్ రైల్ ఇంజిన్, స్కానర్‌లో ప్రెషర్ కోడ్

ఈ ఇంజిన్లలో ఇంజెక్టర్లన్నిటికీ ఒకే అధిక ఒత్తిడి గొట్టం (రైల్) నుంచి డీజిల్ అందుతుంది. ముందుగా హెచ్చరిక. నడిచే ఇంజిన్ మీద రైల్ గొట్టం నట్టు వదులు చేయకండి. అక్కడ 1600 బార్లు, అంతకు మించిన ఒత్తిడి ఉండవచ్చు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. లీకు వెతకడానికి చేయి పెట్టవద్దు, అట్టముక్క వాడండి. ఇంజెక్టర్ వైర్లలో 60 వోల్టులకు పైగా వస్తుంది, వాటి జోలికి పోకండి. ఇందాకటి బల్బును సెన్సర్ వైర్లకు, కంట్రోల్ యూనిట్ వైర్లకు పెట్టకూడదు, యూనిట్ కాలిపోగలదు.

కోడ్ అర్థం చేసుకోవడంలోనే సగం పని ఉంది. పీ0087 అంటే రైల్‌లో ప్రెషర్ తక్కువ అని మాత్రమే. పంపు మార్చమని అది చెప్పడం లేదు. ఫిల్టర్ మూసుకుపోయినా, ఇంజెక్టర్లు వెనక్కి ఎక్కువ డీజిల్ వదిలినా ఇదే కోడ్ వస్తుంది. పీ0001 నుంచి పీ0004 వరకు మాత్రం పంపులోకి వెళ్లే డీజిల్‌ను నియంత్రించే మీటరింగ్ వాల్వ్ సర్క్యూట్‌కు చెందినవి. పీ0192, పీ0193 రైల్ ప్రెషర్ సెన్సర్ సర్క్యూట్‌వి.

సెన్సర్‌కు మూడు వైర్లు: 5 వోల్టుల సరఫరా, ఎర్త్, సిగ్నల్. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంటే సిగ్నల్ సాధారణంగా 0.5 వోల్టు దగ్గర ఉండాలి. 5 వోల్టులు అందకపోతే వెంటనే కంట్రోల్ యూనిట్‌ను తప్పుపట్టకండి. అదే లైను మీద ఇంకో సెన్సర్ షార్ట్ అయి ఉండవచ్చు. ఒక్కొక్క సెన్సర్ ప్లగ్ తీస్తూ మీటర్ చూడండి. ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తాయో దోషి అదే.

మీటరింగ్ వాల్వ్ కాయిల్ నిరోధం కొన్ని ఓమ్‌లే ఉంటుంది. మీటర్ తీగల సొంత నిరోధం తీసేసి, మాన్యువల్‌లోని విలువతో పోల్చండి. ప్లగ్ తీసి చూసే పరీక్షలో జాగ్రత్త అవసరం. కరెంటు లేనప్పుడు తెరిచి ఉండే వాల్వులూ ఉన్నాయి, మూసుకునేవీ ఉన్నాయి. మొదటి రకంలో ప్లగ్ తీస్తే ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది.

సెల్ఫ్ తిరిగేటప్పుడు స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా ఉంటే ఇవన్నీ పక్కన పెట్టి ఇంజిన్ వేగాన్ని కొలిచే క్రాంక్ సెన్సర్, దాని వైర్లు చూడండి.

బాగు చేసేటప్పుడు

పరీక్ష కోసం వైరు తొడుగుకు సూది గుచ్చవద్దు. ఆ రంధ్రంలోంచి తేమ దిగి ఏడాదిలో అదే కొత్త జబ్బు అవుతుంది. కనెక్టర్ వెనుక వైపు నుంచి కొలవండి. ఆడ పిన్ను పట్టు వదిలిందేమో అదే సైజు మగ పిన్ను దూర్చి చూడండి. లాగుతుంటే కొద్దిగా పట్టినట్టు తెలియాలి. సోలినాయిడ్ లోడ్ మీద ఉండగా సరఫరా వైపు నష్టం అర వోల్టు దాటకూడదు. ఎర్త్ వైపు 0.1 వోల్టుకు మించితే పెయింటు గీకి, లోహం మెరిసేదాకా శుభ్రం చేసి బిగించండి.

చివరగా కోడ్‌లు తుడిచి, ఇంజిన్‌ను బాగా వేడెక్కేదాకా లోడ్ మీద నడపండి. నడుస్తుండగా వైర్ల కట్టను, తిరిగే భాగాలకు దూరంగా, మెల్లగా కదపండి. ఆపి పది నిమిషాలు వదిలేసి మళ్లీ స్టార్ట్ చేయండి. ఆపిన వెంటనే ఇంజిన్ మీది భాగాల వేడి కొంతసేపు ఇంకా పెరుగుతుంది. వేడికి తెగే కాయిల్ ఏదైనా మిగిలి ఉంటే ఆ పది నిమిషాల్లోనే బయటపడుతుంది.