ఉగాండాకు సేవకు పోయే పిల్లలూ, ‘మాకు అలవాటేలే’ అనే మాట ఇంట్లోనే పెట్టి పోండి

పోయిన నెల గుత్తి పక్క పిల్లోడొకడు ఉగాండాలో బడిపిల్లలకు పాఠాలు చెప్పి తిరిగొచ్చాడు. వచ్చిన 10 రోజులకు జ్వరం పట్టుకుంది. వీధి చివర మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకున్నాడు. తగ్గకపోతే మళ్లీ అవే తెచ్చుకున్నాడు. నాలుగో రోజు కళ్లు పచ్చబడి మాట తడబడితే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మలేరియాల్లోకెల్లా ప్రమాదమైన ఫాల్సిపారం మలేరియా అని తేలింది. ఐసీయూ నుంచి బతికి బయటపడ్డాడు, అంతే చాలు. అక్కడ దోమతెర ఇచ్చారు కదమ్మా అంటే వాళ్లమ్మ అంది: “మనూళ్లో దోమలు లేవా, మాకు అలవాటేలే అని మడిచి పక్కన పెట్టినాడంట సామీ.”

ఈ మార్చిలో మన జిల్లాల నుంచి ఇంకొందరు బయలుదేరుతున్నారు. అక్కడ మార్చి నుంచి మే దాకా ఒక వానాకాలం, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఇంకోటి. దోమలకు పండగ. వీసా, బ్యాగు బరువు సంగతులు మీకే బాగా తెలుసు, అవి రాయను.

అసలు తప్పు

కరువు సీమలో పుట్టినోళ్లకు ఒక గర్వం ఉంటుంది. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టినాం, కరెంటు పోతే మిద్దె మీద పడుకున్నాం, మాకెందుకు సుఖాలు అని. ఇంకొందరికి గర్వం కాదు, సిగ్గు. పక్కింటి పిల్లలు ఒట్టి నేల మీద పడుకుంటుంటే నాకొక్కడికే తెరా, కాచిన నీళ్లా అనుకుంటారు. మంచి మనసే, కాదనను. కానీ అక్కడే పెరిగిన పెద్దవాళ్లకు మలేరియా మళ్లీ మళ్లీ వచ్చి ఒంట్లో కొంత తట్టుకునే శక్తి ఉంటుంది. మీకు అది లేదు. మీరు మంచం పడితే 20 లీటర్ల పసుపు జెర్రీక్యాన్లలో మీకోసం అదనంగా నీళ్లు మోసేది ఆ ఇంటివాళ్లే. సేవ ఎవరు ఎవరికి చేసినట్టు?

స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి పని మొదలుపెట్టిన సంగతి మీకు తెలుసు. ఆయన పెట్టిన సేవాసంస్థ ఆర్డీటీని చూడడానికి, అక్కడ పనిచేయడానికి స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లనూ చూసే ఉంటారు. సీలు ఉన్న నీళ్ల బాటిల్ తప్ప ముట్టకపోతే మనవాళ్లు నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు మిమ్మల్ని చూసి అక్కడివాళ్లు నవ్వుతారు. నవ్వనీండి.

బయలుదేరే ముందు

ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. అంతకంటే తక్కువైతే సర్టిఫికెట్ చెల్లదు. అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఈ టీకా ప్రతి ఆసుపత్రిలో వేయరు, గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అలాంటిది.

మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు డాక్టరును అడిగి రాయించుకోండి. విమానం దిగగానే ఆపేయకూడదు. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక కూడా 4 వారాలు, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే 7 రోజులు మింగాలి.

అక్కడ

మన వాకిట్లోకే క్యాను నీళ్లొస్తాయి. ఇస్త్రీ బండి వీధి చివరే ఉంటుంది. గడప దాటితే కాళ్లకు చెప్పులుంటాయి. ఇవన్నీ లెక్కలోకి రాని సుఖాలు. అక్కడ ఒక్కోదాన్ని వదిలేసినప్పుడల్లా ఒక్కో జబ్బు కాచుకుని ఉంటుంది.

మలేరియా దోమ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా కుడుతుంది. ఉక్కపోసినా, చిరాకేసినా తెర పరుపు కిందికి దోపే పడుకోండి. చిరిగితే కుట్టుకోండి. నీళ్లు తెర్లేదాకా కాచండి. పళ్లు తోముకునే నీళ్లూ అవే.

తడిబట్టలు బయట ఆరేస్తే మామిడి ఈగ వాటిలో గుడ్లు పెడుతుంది, పిల్లపురుగు మీ చర్మంలోకి దూరుతుంది. లోపలి బట్టలతో సహా అన్నీ ఇస్త్రీ చెయ్యాల్సిందే, కరెంటు లేకపోతే బొగ్గుల పెట్టెతోనైనా. సోకు అనుకోవద్దు.

ఒట్టికాళ్లతో మట్టి నేల తొక్కొద్దు. జిగ్గర్ అనే పురుగు గోళ్ల సందున చేరుతుంది.

విక్టోరియా సరస్సులో దిగొద్దు. అందరూ దిగుతున్నా సరే. నత్తల్లో పెరిగే బిల్హార్జియా పురుగు చర్మంలోంచే లోపలికి పోతుంది.

హెల్మెట్ లేకుండా బోడా బోడా (అక్కడి బైకు ట్యాక్సీ) ఎక్కొద్దు. రాత్రిపూట అసలే వద్దు.

కుక్క కరిచినా, కోతి రక్కినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు టీకాకు పోండి.

మన ప్లగ్గు అక్కడ పట్టదు. మూడు పలక పిన్నుల అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి.

పోషో అంటే మొక్కజొన్న పిండి ముద్ద, అది తినడం సంగటి తిన్న నోటికి కష్టం కాదు. వేడిగా ఉన్నదే తినండి.

ఆవకాయ మీ ఇష్టం. జాగా చాలకపోతే ముందు సీసా తీసెయ్యండి, తెర కాదు.

‘మాకు అలవాటేలే’ అని ఎవరన్నా అంటే అక్కడే ఆపండి.

తిరిగొచ్చాక

మూడు నెలల్లో ఏ జ్వరం వచ్చినా మెడికల్ షాపుకు పోవద్దు, నేరుగా డాక్టరు దగ్గరికి పోండి. కూర్చోగానే చెప్పాల్సిన మొదటి మాట “ఆఫ్రికా నుంచి వచ్చాను” అని. చెప్పకపోతే మన దగ్గర ముందు టైఫాయిడ్, డెంగీల వైపే చూస్తారు. ఫాల్సిపారం ఒక్క రోజులోనే ప్రాణం మీదికి తెస్తుంది. మలేరియా పరీక్ష అదేరోజు చేయించండి. లేదని వచ్చినా జ్వరం ఉంటే మర్నాడు మళ్లీ చేయించండి.