బడిలో మెంటర్‌ను సంపాదించడం, పాఠం 4: క్లాసు చూశాక ఏమడగాలి?

పోయిన పాఠంలో ముగ్గురు సీనియర్ టీచర్లకు మెసేజ్ పెట్టమన్నాను. చాలామందికి జవాబే రాలేదు. వచ్చినవాళ్లకూ "బాగా చదివి డీఎస్సీ కొట్టు" అన్న ముక్కే వచ్చింది. మెసేజ్‌లోనే లోపం ఉంది. "సార్, టీచింగ్ ఫీల్డ్‌లోకి రావాలనుకుంటున్నాను, గైడెన్స్ కావాలి" అని రాస్తే ఆయన ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? ఇలా అడగండి: "మేడమ్, వచ్చే వారం మీ ఏడో తరగతి లెక్కల పీరియడ్ ఒకటి వెనక కూర్చుని చూడనిస్తారా? హెచ్‌ఎం గారి అనుమతికి లెటర్ నేనే రాసుకొస్తాను." సరేననో కుదరదనో చెప్పడానికి అర నిమిషం చాలు. బడి వేళల్లో కాదు, సాయంత్రం ఆరు దాటాక పంపండి.

మెంటర్‌ను ఎంచుకోవడంలోనూ తడబడ్డారు. బీఈడీ వాళ్లు కొందరు ప్రైమరీ టీచర్లను అడిగారు. 2023 ఆగస్టు 11 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో ప్రైమరీ పోస్టులకు బీఈడీ చెల్లకుండా పోయింది. కాబట్టి బీఈడీ వాళ్లు హైస్కూల్లో తమ సబ్జెక్టు స్కూల్ అసిస్టెంట్‌నీ, డీఈడీ వాళ్లు ప్రైమరీలో చెప్పే ఎస్జీటీనీ పట్టుకోవాలి. మీకు మార్కులు వేసే కాలేజీ లెక్చరర్ మాత్రం వద్దంటాను. మార్కులు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల ముందు ఎవరూ తమ లోపం బయటపెట్టరు.

పాఠ్యపథకం, టీఎల్‌ఎం (బోధన సామగ్రి), బోర్డు పని ఇంటర్న్‌షిప్‌లో ఎలాగూ చేస్తారు, వదిలేస్తున్నాను.

ఇక అసలు సంగతి. మీ క్లాసును మెంటర్ చూశాక "ఎలా ఉంది సార్?" అని దయచేసి అడగకండి. "బాగుంది, గొంతు కాస్త పెంచు" అంటారు, అక్కడితో సరి. ఆయన మొహమాటపడ్డారని కాదు, ఏం చూడాలో మీరు చెప్పలేదు. నలభై మంది పిల్లలు, నలభై ఐదు నిమిషాలు. చివరికి మీ గొంతు తప్ప ఇంకేం గుర్తుంటుంది? "ఏమైనా సలహాలు?" అన్నా, "నా మైనస్‌లు చెప్పండి" అన్నా అదే ప్రశ్న.

క్లాసు మొదలవకముందే ఆయన చేతికి ఒక కాగితం ఇవ్వండి. బల్లల వరుసలు గీసి ఒక్కో పిల్లకు ఒక్కో గడి పెట్టండి. పేర్లు వద్దు, నంబర్లు చాలు. మీరు ఎవరిని ప్రశ్న అడిగితే ఆ గడిలో ఆయన ఒక గీత పెట్టాలి. తప్పు జవాబొస్తే గీత చుట్టూ సున్నా, పక్కన మీరు అన్న మాట ఉన్నదున్నట్టు. వీడియో తీయించకండి. ఫోన్ కనబడితే పిల్లల చూపంతా దాని మీదే.

1/2 + 1/3 ఎంత అంటే ఒక పిల్ల 2/5 అంటుంది. పైవి పైవీ, కిందవి కిందవీ కూడేసింది. "తప్పు, ఇంకెవరు చెప్తారు?" అన్నారా, ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు. "ఎలా వచ్చిందమ్మా?" అంటే తానే చెబుతుంది. అప్పుడు "2/5 సగం కంటే పెద్దదా, చిన్నదా?" అని అడగండి. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గిందేమిటని తనకే తడుతుంది. టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో 150కి ఎన్ని వచ్చినా సరే, 2/5 ఎలా వచ్చిందో తెలుసుకోవాలన్న ఆరాటం మీలో ఉంటేనే ఈ ఉద్యోగం ఏళ్ల తరబడి మీకు తృప్తినిస్తుంది. అది ఉందో లేదో కాగితంలో మీ మాటలే చెబుతాయి.

ప్రశ్న వేసి కనీసం 3 సెకన్లు ఆగండి. అలా ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు.

క్లాసు అయ్యాక మెంటర్‌ను అడగాల్సింది ఇదొక్కటే: "ఈ సున్నా దగ్గర మీరైతే ఏమనేవారు?"

అభ్యాసం: ఒకే పాఠం వారం తేడాతో రెండు సెక్షన్లలో చెప్పండి, రెండుసార్లూ కాగితం నింపించండి. తప్పు జవాబు దగ్గర మీ మాట రెండోసారి మారి ఉండాలి. మారకపోతే ఇంకో పాఠంతో మళ్లీ రెండు సెక్షన్లు. కాగితాలు పక్కపక్కన పెట్టి మెంటర్‌తో మాట్లాడాకే ఐదో పాఠానికి రండి.