జూలు చూడనీకి మొదటిసారి సొంతంగా విదేశం పోవుడు ఎట్ల? హన్మకొండ నుంచి సింగపూర్ దాకా

"జూ చూడనీకి విమానమెక్కి పోవుడేందిరా, హంటర్ రోడ్డు మీద లేదా జూ?" అన్నది మా అమ్మ. ఉన్నది, కాకతీయ జూ, మా చిన్నప్పుడు వన విజ్ఞాన కేంద్రం అనేటోళ్లం, జంతువులున్న రోడ్డుకు హంటర్ రోడ్డు అని పేరేందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సరే, ఆ జూ చూస్తూ పెరిగినోళ్లకే ఈ పిచ్చి పట్టేది. నాలాంటి పిచ్చి మీకూ ఉండి, ఇంతవరకు పాస్‌పోర్ట్ మీద ఒక్క ముద్ర కూడా పడకపోతే ఇది మీకోసమే.

ముందు ఒక మాట. ప్యాకేజీల పోతే జూకి ఇచ్చేది రెండు మూడు గంటలు. మా కాలనీల ఒకాయన అట్లనే పోయొచ్చిండు, ఒరంగుటాన్ ఎట్లుంది అన్నా అంటే "వీపు చూసినరా, అది ఇటు తిరిగేలోపు గైడ్ జెండా ఊపుకుంట బస్సెక్కుమన్నడు" అన్నడు. సొంతంగా పోవుడంటే పైసలు మిగులుతయని కాదు, ఒక్కోసారి ఎక్కువే అయితయ్ కూడా, కానీ ఆ ఒరంగుటాన్ ఇటు తిరిగేదాకా కూసునే టైం మనది అయితది. కింద చెప్పేదంతా ఆ టైం కోసమే.

ముందు హైదరాబాద్‌లో ఒక రోజు ట్రయల్

నవ్వకండి, ఇది నిజంగ చెయ్యాలె. నెహ్రూ జూ పార్క్ 1963లో తెరిచిన్రు, 380 ఎకరాలు, సోమవారం బంద్. పొద్దున గేటు తెరిచేవరకల్లా అక్కడుండి సాయంత్రం దాకా నడవండి, రైలూ బ్యాటరీ బండీ ఎక్కకుండా. మీ కాళ్లు ఎన్ని గంటలు ఆగుతున్నయ్, ఒక్క జంతువు ముందట ఎంతసేపు బోరు కొట్టకుండ నిలబడగలుగుతున్నరు, మీతోని వచ్చినోళ్లు ఏ టైంకి "ఇగ పోదాం" అంటున్నరు, ఇవి రాసుకోండి. నాకైతే నాలుగు గంటల తర్వాత పులి కూడా పిల్లి లెక్క కనబడ్డది, అప్పుడే తెలిసింది రోజుకు ఒక్క పెద్ద జూ కంటే ఎక్కువ పెట్టుకోవద్దని. సింగపూర్ జూ దాదాపు 26 హెక్టార్లు, అంటే మన హైదరాబాద్ జూలో ఆరో వంతు అంతే, అయినా రోజంతా పడ్తది, ఎందుకంటే అక్కడ ఒకదాని పక్కకే ఒకటి ఉంటయ్, చాలావాటికి ఊచలుండవు, మధ్యల కందకమో నీళ్లో ఉంటయ్ అంతే, కాళ్లు ముందుకు పోవు.

ఏ ఊరు?

మొదటిసారికి ఒకటే దేశం, ఒకటే ఊరు. బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ మూడూ చుట్టొద్దాం అనేది వినడానికే బాగుంటది, సగం రోజులు ఎయిర్‌పోర్టుల్ల పోతయ్.

థాయిలాండ్‌ల ఖావో ఖియో ఓపెన్ జూ ఉన్నది, చోన్‌బురి దిక్కు, 2024 జులైల పుట్టిన మూ డెంగ్ అనే బుజ్జి పిగ్మీ హిప్పోతోని (పొట్టి జాతి నీటిగుర్రం) ప్రపంచమంతా తెలిసిపోయింది. దాన్ని చూడనీకి జనం ఎగబడి, ఒక్కొక్కరికి 5 నిమిషాలే అని రూలు పెట్టాల్సొచ్చింది అప్పుడు. చాలా పెద్ద జాగా, కానీ బ్యాంకాక్ నుంచి దూరం, టాక్సీ మాట్లాడుకోవాలె. మలేసియాల జూ నెగారా ఉన్నది, అదీ మనలెక్కనే 1963ది. ఈ రెండు దేశాలు ఈ మధ్య మనోళ్లకు వీసా లేకుండ రానిస్తున్నయ్, అయితే ఆ రూల్స్ మార్తుంటయ్ కాబట్టి టికెట్ కొనే రోజు అధికారిక సైట్ల చూస్కోండి, యూట్యూబ్ వీడియో నమ్మి పోవద్దు.

నేను సింగపూర్ అంట. వీసా కావాల్సిందే, ఖర్చు కూడా ఎక్కువే, అయినా ఊరికి ఉత్తరాన మండాయి అనే ఒక్క చోటనే ఐదు పార్కులున్నయ్. సింగపూర్ జూ 1973ది. నైట్ సఫారీ 1994ది, రాత్రిపూట తిరిగే జంతువుల కోసమే కట్టిన జూ ప్రపంచంల అదే మొదటిది. రివర్ వండర్స్ నదుల జంతువులది, 2012ల చైనా నుంచి వచ్చిన కాయ్ కాయ్, జియా జియా అనే పాండాలు దాంట్లనే. బర్డ్ ప్యారడైజ్ 2023ల తెరిచిన్రు, పాత జురోంగ్ బర్డ్ పార్క్ మూసి పక్షులన్నిటిని ఇక్కడికి తెచ్చిన్రు. 2025ల రెయిన్‌ఫారెస్ట్ వైల్డ్ ఏషియా వచ్చింది. ఒకటే బస్సు రూటు, ఒకటే రూము, రోజూ అదే దారి, కొత్తగా పోయేటోళ్లకు ఇంతకంటే సులువు ఏముంటది.

ఇంకోటి, పులి పిల్లను ఒళ్లో పెట్టి ఫోటో తీస్తం అనే జాగాలకు పోకండి. థాయిలాండ్‌ల కాంచనబురి దగ్గర టైగర్ టెంపుల్ అని ఒకటుండె, 2016ల అధికారులు పోయి చూస్తే ఫ్రీజర్‌లల్ల 40 పులి పిల్లల శవాలు దొరికినయ్. జంతువులంటే ప్రేమ ఉన్నోళ్లు అట్లాంటి చోట టికెట్ కొనద్దు.

పాస్‌పోర్ట్: మన ఇంటిపేర్ల పంచాయితీ

వరంగల్ పోస్టాఫీసులనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉన్నది, హైదరాబాద్ పోవాల్సిన పని లేదు. సైట్ల అప్లికేషన్ నింపి, 36 పేజీల మామూలు పాస్‌పోర్ట్‌కు 1500 కట్టి, స్లాట్ బుక్ చేస్కుని పోవుడే. టెన్త్ మెమో తప్పకుండ పెట్టండి, అది ఉంటే ఈసీఆర్ ముద్ర (కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ముందు సర్కారు అనుమతి కావాలనే గుర్తు) పడదు.

అసలు కిరికిరి పేరు దగ్గర. మన మెమోల మీద ఇంటిపేరు ఒక్క అక్షరం ఉంటది, ఆధార్‌ల పూర్తిగ ఉంటది, పాన్‌ల ఇంకో తీరుగ ఉంటది. సర్‌నేమ్ గడి ఖాళీ వదిలేస్తే తర్వాత ఫ్లైట్ టికెట్ దగ్గర ఆ గడిల ఏం రాయాల్నో తెల్వక తిప్పలు. ఇంటిపేరు సర్‌నేమ్‌ల, మన పేరు గివెన్ నేమ్‌ల విడివిడిగ, అక్షరాలు కూడా ఆధార్‌తో కలిసేటట్టు పెట్టుకోండి, అవసరమైతే ముందు ఆధార్ సరి చేయించుకోండి. తర్వాత వీసాల, టికెట్ల, హోటల్ల అన్నిట్ల పాస్‌పోర్ట్‌ల ఉన్నట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండ.

తారీఖులు, వీసా

పాస్‌పోర్ట్ చేతికొచ్చినంకనే టికెట్. శంషాబాద్ నుంచి సింగపూర్‌కు నేరుగ ఫ్లైట్లున్నయ్, సుమారు నాలుగున్నర గంటలు, రాత్రి బయల్దేరేవే ఎక్కువ, అక్కడ టైం మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి తెల్లారేవరకు దిగుతరు. జూన్, నవంబర్ ఆఖరు, డిసెంబర్ అక్కడి బడి సెలవులు, పార్కులు నిండిపోతయ్. మన ఎండాకాలం సెలవుల పోవాలనుకుంటే మే నెలల పోండి. ఎండ వరంగల్ లెక్క 43 ఉండదు, 32, 33 దగ్గరనే ఉంటది, కానీ ఉక్కపోత ఉంటది చూడు, పొద్దున పది కొట్టేసరికి అంగీ పిండుకోవచ్చు. వాన ఏ నెలలనైనా పడొచ్చు, నవంబర్ నుంచి జనవరి ఇంకా ఎక్కువ.

సింగపూర్ వీసా మనం నేరుగ వేసుకోలేం, గుర్తింపు ఉన్న ఏజెంట్ ద్వారా వెయ్యాలె, హైదరాబాద్‌ల ఉంటరు. సర్కారు ఫీజు 30 సింగపూర్ డాలర్లు, మీద ఏజెంట్ చార్జీ. ప్రయాణానికి నెల లోపలనే వెయ్యాలె, మరీ ముందు వేస్తే తీసుకోరు. ఫోటో 35 ఇంటు 45 మిల్లీమీటర్లు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, మూడు నెలల్ల దిగిందే. నేను పాత నీలం రంగుది పెడితే వాపస్ వచ్చింది, ఒక వారం పాయె. పాస్‌పోర్ట్‌కు పోయే తారీఖు నుంచి ఇంకా ఆరు నెలలు గడువుండాలె. ఇవిగాక సింగపూర్ల దిగే తారీఖుకు ముందు మూడు రోజుల్లోపల ఎస్‌జీ అరైవల్ కార్డ్ (వస్తున్నమని నింపే ఫారం) ఆన్‌లైన్‌ల నింపాలె, అది ఫ్రీ, పైసలు అడిగే సైట్ కనబడితే అది అసలుది కాదని అర్థం.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీస్కోండి. దీనిమీద చర్చ లేదు.

రూము, పైసలు

జూ దగ్గర రూము వెతకకండి, అక్కడున్నవి పిరం. లిటిల్ ఇండియాల తీస్కోండి, పొద్దున ఇడ్లీ, రాత్రి అన్నం దొరుకుతయ్. అక్కడ మెట్రో ఎక్కి, వచ్చే స్టేషన్ న్యూటన్‌లనే దిగి, ఎర్ర లైన్‌కి మారి ఖతీబ్ దాకా పోతే అక్కడి నుంచి మండాయికి షటిల్ బస్సు. అది ఒద్దనుకుంటే స్ప్రింగ్‌లీఫ్ స్టేషన్ నుంచి 138 నంబర్ సిటీ బస్సు.

మెట్రో గేటుకు వీసా అనో మాస్టర్ కార్డ్ అనో రాసున్న బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, వేరే కార్డు కొనక్కర లేదు. కానీ మన బ్యాంకు కార్డుల మీద ఇంటర్నేషనల్ వాడకం మామూలుగ ఆఫ్ ఉంటది, యాప్‌ల మనమే ఆన్ చెయ్యాలె. నేను చెయ్యలే. చాంగి ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌ల గేటు ముందట ఎర్ర లైటు పడి, ఎనక లైన్ పెరుగుతుంటే, యాప్‌కు ఓటీపీ రావాలంటే ఇండియా సిమ్‌కు రోమింగ్ లేదు. కాబట్టి ఇంట్లనే ఆన్ చేస్కోండి, ఓటీపీ కోసం చిన్న రోమింగ్ ప్యాక్ ఏస్కోండి, ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ పైసలు నింపుకునేది) ఒకటి, చేతిల కొన్ని డాలర్ల నోట్లు కూడా ఉండాలె.

పార్కు టికెట్ ఒక్కోటి పెద్దోళ్లకు 40 నుంచి 60 సింగపూర్ డాలర్ల మధ్యల ఉంటది. విడివిడిగ కొనకుండ రెండు మూడు పార్కులు కలిపి ఉన్నది వాళ్ల సొంత సైట్‌ల కొంటే బాగా తగ్గుతది. నైట్ సఫారీకి ఏ టైంకి లోపలికి పోతరో ముందే స్లాట్ ఎంచుకోవాలె.

బ్యాగుల ఏముండాలె

నడిచి నడిచి మెత్తబడ్డ పాత బూట్లు, కొత్తవి వద్దు. మడిచే గొడుగు. చిన్న బైనాక్యులర్, పక్షుల కాడ దాని విలువ తెలుస్తది. నీళ్ల సీసా, అక్కడ నల్లా నీళ్లు నిశ్చింతగ తాగొచ్చు. మూడు చదరపు పుల్లల ప్లగ్ అడాప్టర్. సకినాలు తీస్కపోండి, చికెన్ పచ్చడి వద్దు, మాంసం తెచ్చుడు నిషేధం. ఖైనీ, గుట్కా, ఈ-సిగరెట్, చూయింగ్ గమ్ ఏవీ బ్యాగుల ఉండొద్దు, ఎవరన్నా "మా తమ్మునికి ఇయ్యి" అని పొట్లం ఇస్తే విప్పి చూడకుండ తీస్కోవద్దు.

రోజులు ఎట్ల పంచుకోవాలె

దిగిన రోజు జూ వద్దు. రాత్రి నిద్ర లేదు, కండ్లు మండుతుంటయ్, ఆ కండ్లతోని 50 డాలర్ల టికెట్ చూడబుద్ధి కాదు. పండుకుని లేచి, చుట్టుపక్కల తిరిగి, తొందరగ నిద్రపోండి.

రెండో రోజు సింగపూర్ జూ. పొద్దున 8:30కి తెరుస్తరు, ఆ టైంకి గేటు దగ్గరుండాలంటే లిటిల్ ఇండియాల ఏడు కొట్టకముందే ఎక్కాలె. మొదటి రెండు గంటలే అసలు జూ. చల్లగుంటది, జంతువులు మేల్కొని ఉంటయ్, టూర్ బస్సులు ఇంకా రావు. అందరూ పోయే దిక్కు కాకుండ, మ్యాప్‌ల మీరు ముందే గీసుకున్న మూడు జంతువుల దగ్గరికి నేరుగ పోండి. మూడు అంటే మూడే. నా మూడు, చెట్ల మీద స్వేచ్ఛగ తిరిగే ఒరంగుటాన్లు, పొడుగు ముక్కు కోతులు, ఇగ మూడోది మందలు మందలుగ ఉండే బబూన్లు. బబూన్ల ముందట 50 నిమిషాలు కూసున్న, పెద్దది ఎవరు, ఎవరు ఎవరికి పేలు చూస్తున్నరు, చిన్నదాన్ని ఎవరు కొడితే ఎవరు అడ్డమొస్తున్నరు, మా బంధువుల పెండ్లి గుర్తొచ్చింది. మొదటి పది నిమిషాలు ఏం అర్థం కాదు, అప్పుడే లేవద్దు. మిగిలిన జంతువులన్ని దారిల ఎట్లాగూ కనబడ్తయ్. మేత పెట్టే టైములు ఆ రోజు పొద్దున సైట్‌ల చూస్కోండి.

పన్నెండు దాటినంక ఎండకు అన్నీ నీడకు జేరి పంటయ్, మనం కూడా అట్లనే చెయ్యాలె. ఒంట్ల ఓపిక ఉంటే రివర్ వండర్స్ జూ పక్కకే, సగం లోపటనే, చల్లగుంటది, నీట మునిగిన అమెజాన్ అడవిల మనాటీలు (నీళ్లల్లనే బతికే పెద్ద జంతువులు) అద్దం అవతల ఈదుతుంటే కింద కూసుని చూడొచ్చు. కాళ్లు గుంజితే మాత్రం దాన్ని వేరే రోజుకు పెట్టుకోండి. ప్యాకేజోళ్లు పగలు జూ, రాత్రి నైట్ సఫారీ ఒకటే రోజు పెడ్తరు, అది మనుషులు చేసే పని కాదు.

మూడో రోజు పొద్దంత ఆగి, సాయంత్రం నైట్ సఫారీ. 7:15కి తెరుస్తరు, తెరవంగనే అందరు ట్రామ్ లైన్‌ల నిలబడ్తరు. మీరు ముందు నడిచే దారులకు పోండి, ట్రామ్ ఆఖరుకు పెట్టుకోండి. చీకటి పడే ఆ మొదటి గంటల బావురు పిల్లి (ఫిషింగ్ క్యాట్) నీళ్ల అంచున కూసుని కనబడొచ్చు, అలుగు (పాంగోలిన్) తుడుతుడు నడుచుకుంట పోతది. మన అడవులల్ల కూడా ఉండే జంతువే అలుగు, నేను జీవితంల మొదటిసారి అక్కడ చూసిన, సిగ్గయింది. ఫ్లాష్ కొట్టద్దు, ఫోన్ వెలుగు తగ్గించండి, కండ్లు చీకటికి అలవాటు కావాలంటే పది పదిహేను నిమిషాలు పడ్తది, ఫోన్ చూస్తే మళ్లీ మొదటికొస్తది. ఎనకకు వచ్చేటప్పుడు పది, పదిన్నరకు లేస్తే మెట్రో అందుతది, అర్ధరాత్రి దాకా ఉంటే గ్రాబ్ (మన ఊబర్ లెక్క యాప్) టాక్సీయే గతి, ఆ పైసలు పక్కన పెట్టుకోండి.

నాలుగో రోజు బర్డ్ ప్యారడైజ్, పక్షులు కాబట్టి ఇది కూడా పొద్దుగాల్నే. పెద్ద పెద్ద వలల లోపటికి మనమే నడుచుకుంట పోతం, ఆఫ్రికా, పపువా, ఆసియా అని వేరువేరు. చేతిల తినేది ఏదీ బయట పట్టుకోకండి. పార్కుల బయట అడవి కోతులు తిరుగుతుంటయ్, వాటికి సకినం వాసన మనకంటే ముందే తెలుస్తది.

శంషాబాద్ ఇమిగ్రేషన్ కాడ "ఎందుకు పోతున్నవ్" అని అడుగుతరు. జూ చూడనీకి అంటే నన్ను ఒక్కసారి పైనుంచి కిందికి చూసిన్రు, రిటర్న్ టికెట్, హోటల్ కాయితం, పార్కు టికెట్లు అన్నీ ప్రింట్ తీసి ఫైల్‌ల పెట్టుకున్న కాబట్టి ఇంకో ప్రశ్న లేదు. పోయేటప్పుడు హన్మకొండ నుంచి కార్ల పోతే ఘట్‌కేసర్ కాడ ఔటర్ ఎక్కితే సిటీల ఇరుక్కోరు, ఫ్లైట్‌కు మూడు గంటల ముందుండేటట్టు చూస్కోండి. వచ్చేటప్పుడు ఎయిర్పోర్ట్ నుంచి నడిచే పుష్పక్ బస్సుల ఉప్పల్ దాకా వచ్చి వరంగల్ బస్సెక్కొచ్చు, ఎక్కంగనే కండక్టర్‌కు హన్మకొండ చౌరస్తాల లేపుమని చెప్పి పెట్టండి, నన్ను డిపో కాడ లేపిండు.